ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో ట్రాలీలు: పిన్ గుంజే ముందు చక్రానికి అడ్డు పెట్టారా? పార్కింగ్‌లో అందరూ చేసే పొరపాట్లు ఇవే!

హైదరాబాద్: పొద్దున లేస్తే ఇసుక ట్రాక్టర్. పది గంటలకు ఇటుకల ట్రాలీ. ఎండాకాలం వస్తే గంటకో వాటర్ ట్యాంకర్. వినాయక చవితి అయితే సరూర్‌నగర్ చెరువు దాకా ట్రాలీల క్యూ. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి, ఎల్బీనగర్, వనస్థలిపురం.. ఈ వైపు ఉండేవాళ్లకు ట్రాక్టర్ ట్రాలీ కొత్తేం కాదు. ఇంటి ముందు ఆగుతుంది, లోడ్ దింపుతుంది, పోతుంది. కానీ చాలాసార్లు ట్రాక్టర్ ఒక్కటే పోతుంది. ట్రాలీ అక్కడే ఉండిపోతుంది.

సరిగ్గా అక్కడే అసలు సమస్య మొదలవుతుంది. ట్రాక్టర్ నుంచి విడదీసిన ట్రాలీకి ఇంజిన్ ఉండదు, డ్రైవర్ ఉండడు, చాలావాటికి సొంత బ్రేక్ కూడా ఉండదు. దాన్ని ఆపి ఉంచేది చక్రం కింద పెట్టిన ఒక చెక్కో, రాయో మాత్రమే. అది కూడా లేకపోతే? కొన్ని టన్నుల బరువు పల్లం వైపు దొర్లడానికి రెడీగా ఉన్నట్టే. గల్లీలో ఆడుకునే పిల్లలు, నీడ కోసం ట్రాలీ పక్కన కూర్చునే కూలీలు, రాత్రి బైక్ మీద ఇంటికొచ్చే ఉద్యోగులు.. ప్రమాదం వీళ్లకే.

విదేశాల్లో కారు వెనక కారవాన్ కట్టుకొని టూర్‌కు వెళ్లేవాళ్లకు, దాన్ని ఎలా ఆపాలి, ఎలా విడదీయాలి అనేది మొదటి పాఠం. మన దగ్గర షూటింగ్‌లలో కనిపించే కారవాన్లు బస్సులాంటివి, వాటిని విడదీసే పనే ఉండదు. మన గల్లీల్లో ఆ పని రోజూ చేసేది ట్రాక్టర్ డ్రైవర్లు, హెల్పర్లు. వాళ్లలో ఎక్కువమంది పక్కనున్న సీనియర్‌ను చూసి నేర్చుకున్నవాళ్లే. మరి ఎక్కడ పొరపాటు జరుగుతోంది? ఎలా ఆపాలి? చట్టం ఏం చెబుతోంది? వివరంగా చూద్దాం.

కంటికి కనిపించని వాలు

"రోడ్డు సాఫ్‌గానే ఉంది కదన్నా.. ఎటు పోతది?" అనేది మామూలుగా వినిపించే మాట. కానీ పూర్తి సమతలంగా ఉండే రోడ్డు దాదాపు ఉండదు. వాన నీళ్లు నిలవకుండా రోడ్డును ఎటో ఒకవైపు వాలుగానే వేస్తారు. పైగా సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో చాలా గల్లీలు చెరువు వైపు దిగుతూ ఉంటాయి. పెద్ద వాన పడ్డప్పుడు నీళ్లన్నీ ఎటు పరుగెడతాయో అక్కడివాళ్లకు బాగా తెలుసు. సింపుల్‌గా గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: వానొస్తే నీళ్లు ఎటు పోతాయో, వదిలేసిన ట్రాలీ కూడా అటే పోతుంది.

చిన్న లెక్క చూడండి. 5 వేల లీటర్ల ట్యాంకర్‌లో నీళ్ల బరువే 5 టన్నులు. ట్యాంక్, ఛాసిస్, చక్రాలు కలిపితే 6 టన్నులు అనుకుందాం. 50 అడుగుల దూరానికి 1 అడుగు మాత్రమే దిగే రోడ్డు మీద కూడా ఆ ట్యాంకర్‌ను కిందికి లాగే బలం సుమారు 120 కిలోలు. తారు రోడ్డు మీద టైర్లు సహజంగా అడ్డుకునే బలం బరువులో 1 నుంచి 1.5 శాతం ఉంటుంది. అంటే 60 నుంచి 90 కిలోలు. లాగే బలమే ఎక్కువ. కంటికి వాలుగా కూడా అనిపించని రోడ్డు మీద ట్యాంకర్ కదలడానికి ఇది చాలు.

20 అడుగులకు 1 అడుగు దిగే గల్లీ అయితే లాగే బలం 300 కిలోలకు చేరుతుంది. అక్కడ ట్యాంకర్ 20 మీటర్లు దొర్లేసరికి గంటకు 14 కిలోమీటర్ల దాకా వేగం అందుకుంటుంది. దానికి పట్టే టైమ్ 10 సెకన్లు. 14 కిలోమీటర్లంటే సైకిల్ వేగమే కదా అనుకోవచ్చు. కానీ 6 టన్నులతో వచ్చే ఆ వేగాన్ని మనుషులు చేతులు అడ్డుపెట్టి ఆపలేరు. గోడ కూడా ఆపుతుందన్న గ్యారంటీ లేదు.

పొరపాటు 1: ముందు పిన్ గుంజడం

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదే. ట్రాక్టర్ ఆగగానే హెల్పర్ దిగి హుక్ పిన్ పీకేస్తాడు. ఆ తర్వాత రాయి కోసం వెతుకుతాడు. ట్రాక్టర్ బ్రేక్ వేసి ఉంటే అది ఆపేది ట్రాక్టర్‌నే. ట్రాలీ ఇప్పటిదాకా కదలకుండా ఉందంటే దానికి కారణం ఆ పిన్. పిన్ బయటికి వచ్చిన క్షణమే ట్రాలీ స్వతంత్రం అయిపోతుంది.

అందుకే వరుస మారకూడదు. ముందు బ్రేక్. తర్వాత చక్రాలకు అడ్డు. తర్వాత స్టాండ్. చివర్లోనే పిన్. "అన్నా, పిన్ గుంజనా?" అని హెల్పర్ అడిగితే డ్రైవర్ నోట రావాల్సిన మాట ఒక్కటే: "ఆగు తమ్మీ, ముందుగాల చెక్క పెట్టు."

ఇంకో టిప్ ఏంటంటే.. అడ్డు పెట్టాక వెంటనే పిన్ తీయొద్దు. ట్రాక్టర్ బ్రేక్‌ను కొద్దిగా వదిలి, ట్రాలీ బరువు ఆ చెక్కల మీద ఆనుతుందో లేదో చూడాలి. చెక్క జారితే ఆ విషయం పిన్ ఉండగానే తెలిసిపోతుంది. మళ్లీ బ్రేక్ వేసి సరిచేసుకోవచ్చు. ఈ చెక్ చేసేటప్పుడు హెల్పర్ ట్రాలీకి దూరంగా, పక్కన నిలబడాలి.

పొరపాటు 2: దొరికిన రాయి పెట్టడం

పక్కన కనిపించిన రాయో, సగం ఇటుకో తెచ్చి ఒక చక్రం కింద పెట్టడం మామూలైపోయింది. గుండ్రటి రాయి చక్రంతో పాటు దొర్లుతుంది. ఇటుక బరువుకు పొడి అయిపోతుంది. కొబ్బరి బొండాం కూడా పెట్టేవాళ్లు ఉన్నారు! ఇవేవీ అడ్డు కిందికి రావు.

కావాల్సింది ఒకవైపు ఏటవాలుగా కోసిన గట్టి చెక్క ముక్కలు. కార్పెంటర్ దగ్గర పాత దూలం ముక్క కోయించుకున్నా సరిపోతుంది. టైర్ గుండ్రానికి ఆనేలా, కింద రోడ్డుకు పూర్తిగా తగిలేలా ఉండాలి. ఒక చక్రానికే కాదు, రెండు వైపులా చక్రాలకు పెట్టాలి. పల్లం ఎటుందో ఆ వైపు తప్పనిసరి. పల్లం ఎటో అర్థం కాకపోతే చక్రానికి ముందూ వెనకా రెండు వైపులా పెట్టాలి. మొత్తం నాలుగు చెక్కలు. ట్రాక్టర్ టూల్ బాక్స్‌లో పడి ఉంటాయి, ఏళ్ల తరబడి పనికొస్తాయి.

పోయేటప్పుడు వాటిని తీసుకెళ్లడం మర్చిపోవద్దు. పొద్దున గల్లీ మధ్యలో దిక్కులేకుండా పడి ఉండే రాళ్లు చాలావరకు ఇలా వదిలేసినవే. చీకట్లో స్కూటీ ఆ రాయి ఎక్కితే పడిపోయేది మనింటి వాళ్లే కావచ్చు.

పొరపాటు 3: స్టాండ్‌ను నమ్మడం, నేలను చూడకపోవడం

రెండు చక్రాల ట్రాలీ బరువంతా చక్రాల మీదే ఉండదు. కొంత బరువు ముందు వైపు ఉన్న ఇనుప కడ్డీ ద్వారా ట్రాక్టర్ మీద పడుతుంది. ట్రాక్టర్ పక్కకు పోతే ఆ బరువును మోయాల్సింది స్టాండ్. అది వంకరపోయి ఉన్నా, దాని పిన్ సరిగ్గా పడకపోయినా, ట్రాలీ ముందు భాగం ఒక్కసారిగా నేలకు కొడుతుంది. కాలు కింద ఉంటే అంతే సంగతులు.

స్టాండ్ గట్టిగా ఉన్నా నేల గట్టిగా ఉండాలి కదా! కేబుల్ కోసమో, డ్రైనేజీ కోసమో తవ్వి మట్టితో పూడ్చిన చోట స్టాండ్ దించితే అది మెల్లగా లోపలికి దిగిపోతుంది. వాన పడిందంటే ఇంకా స్పీడ్‌గా. మే నెల ఎండలో తారు కూడా మెత్తబడుతుంది. అందుకే స్టాండ్ కింద ఒక వెడల్పాటి పలక వేయాలి. బరువు ఎక్కువ చోటు మీద పడితే దిగబడదు. ఇటుకలు పేర్చి స్టాండ్‌లా వాడటం మాత్రం అస్సలు చేయొద్దు.

పొరపాటు 4: లోడ్ వెనక్కి ఉండగా విడదీయడం

ఇది చాలామందికి తెలియని ప్రమాదం. రెండు చక్రాల ట్రాలీ అంటే ఒకరకంగా చిన్నపిల్లలు ఆడే ఊయల బల్ల లాంటిది. మధ్యలో చక్రాలు, ముందో బరువు, వెనకో బరువు. ముందు నుంచి ఇటుకలు దింపుకుంటూ వచ్చారనుకోండి, మిగిలిన బరువంతా వెనకే ఉంటుంది. అప్పుడు పిన్ తీస్తే ట్రాలీ ముందు భాగం ఒక్కసారిగా పైకి లేస్తుంది. పిన్ తీయడానికి దాని మీదికి వంగి ఉన్న మనిషికి గడ్డానికో, ఛాతీకో తగులుతుంది.

కారవాన్లు లాగే దేశాల్లో దీనికి ఒక లెక్క పాటిస్తారు. కారు వెనక కట్టే కారవాన్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు హుక్ మీద పడేలా సామాన్లు సర్దుకోవాలని అమెరికాలో చెబుతారు. అది తక్కువైతే రోడ్డు మీద బండి ఊగుతుంది. మన ట్రాలీలకు శాతాలు కొలిచే పని లేదు. లోడ్ ఉన్నంతసేపు విడదీయకపోవడమే ఉత్తమం. తప్పదు అంటే లోడ్ సమానంగా ఉందో లేదో చూసి, వెనక వైపు కూడా దిమ్మ లాంటి ఆధారం పెట్టాలి.

నీళ్ల ట్యాంకర్ అయితే ఇంకో తలనొప్పి. సగం నిండిన ట్యాంకర్‌లో నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి. చిన్న వాలు ఉన్నా నీళ్లన్నీ పల్లం వైపు చేరతాయి. బరువు ఎటుందో బయటి నుంచి కనిపించదు. కాబట్టి సగం నీళ్లతో ట్యాంకర్‌ను విడదీసి వదిలేయకపోవడమే సేఫ్.

పొరపాటు 5: ట్రాక్టర్, ట్రాలీ మధ్యలో మనిషి

మళ్లీ తగిలించేటప్పుడు జరిగేది ఇది. డ్రైవర్ రివర్స్ చేస్తుంటాడు. హెల్పర్ రెండిటి మధ్య నిలబడి "రానీ.. రానీ.. ఇంకొంచెం" అంటుంటాడు. ఒక చేత్తో పిన్, ఇంకో చేత్తో కడ్డీ. డ్రైవర్ కాలు క్లచ్ మీద ఒక్క అంగుళం జారితే చాలు, మధ్యలో మనిషి నలిగిపోతాడు. డ్రైవర్‌కు వెనక్కి తిరిగి చూసినా హెల్పర్ నడుము కింద ఏముందో కనిపించదు.

సరైన పద్ధతి ఏంటి? ట్రాక్టర్ కదులుతున్నంతసేపు మధ్యలో ఎవరూ ఉండకూడదు. హెల్పర్ పక్కకు, డ్రైవర్‌కు కనిపించే చోట నిలబడి చేత్తో సైగ చేయాలి. రంధ్రాలు దగ్గరికొచ్చాక డ్రైవర్ న్యూట్రల్ చేసి, బ్రేక్ వేసి, చెయ్యెత్తి ఓకే అనాలి. అప్పుడే హెల్పర్ లోపలికి పోవాలి. రంధ్రం కలిసిందా లేదా అని వేలు పెట్టి చూడటం అనేది వేలు పోగొట్టుకునే పని. దానికి ఒక ఇనుప చువ్వ వాడాలి.

పొరపాటు 6: ట్రాక్టర్‌ను న్యూట్రల్‌లో వదిలేయడం

"ఒక్క నిమిషం, చాయ్ తాగొస్తా" అని తాళం చెవి బండికే వదిలేసి పోతారు. పిల్లలకు ట్రాక్టర్ అంటే ఆటబొమ్మ. ఎక్కి గేర్ రాడ్ కదిపితే, వాలులో ట్రాక్టర్, దాంతో పాటు ట్రాలీ రెండూ కదులుతాయి.

ట్రాక్టర్ ఆపేటప్పుడు చూడాల్సినవి ఇవి. ట్రాక్టర్‌కు ఎడమ, కుడి వెనక చక్రాలకు విడివిడిగా రెండు బ్రేక్ పెడల్స్ ఉంటాయి. పొలంలో మలుపు తిప్పడానికి అది పనికొస్తుంది. రోడ్డు మీద మాత్రం రెండిటినీ కలిపే కొక్కెం కచ్చితంగా వేయాలి. లేకపోతే పార్కింగ్ బ్రేక్ ఒకే చక్రాన్ని పట్టుకోవచ్చు. ఇంజిన్ ఆపాక బండి ఎత్తు వైపు చూస్తుంటే ఫస్ట్ గేర్‌లో, పల్లం వైపు చూస్తుంటే రివర్స్ గేర్‌లో పెట్టాలి. ఇక్కడో మెలిక ఉంది. ట్రాక్టర్‌లో హై, లో అని ఇంకో లివర్ కూడా ఉంటుంది. అది న్యూట్రల్‌లో ఉంటే, మీరు ఏ గేర్ వేసినా ఉపయోగం లేదు. రెండూ చెక్ చేశాకే తాళం చెవి జేబులో వేసుకొని దిగాలి.

పొరపాటు 7: డబ్బా పైకి లేపి వదిలేయడం

హైడ్రాలిక్ ట్రాలీల్లో ఇసుకో, కంకరో దింపాక డబ్బాను పైకి లేపే ఉంచి లోపల అంటుకున్నది గీకుతుంటారు. పైకి లేచిన డబ్బాను ఆపేది పైపుల్లోని ఆయిల్ ప్రెషర్. పైపు పగిలినా, ఎవరైనా లివర్ తగిలినా డబ్బా ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. దాని కింద తల పెట్టి పని చేయాల్సి వస్తే గట్టి ఇనుప ఆధారం పెట్టాకే చేయాలి. ఆయిల్ పైపులు విడదీసే ముందు డబ్బా పూర్తిగా కిందికి దించాలి. లేపే ముందు ఒకసారి పైకి కూడా చూడాలి. మన గల్లీల్లో కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో చెప్పక్కర్లేదు.

రాత్రయితే ఇంకో రిస్క్

కదలకుండా గట్టిగా ఆపినంత మాత్రాన పని అయిపోలేదు. అది ఇతరులకు కనిపించాలి. ట్రాక్టర్ వెళ్లిపోతే ట్రాలీకి కరెంటు ఉండదు. వెనక లైట్ వెలగదు. ధూళి పట్టిన రిఫ్లెక్టర్లు మెరవవు. స్ట్రీట్ లైట్ పోయిన చోట నల్లటి ట్రాలీ కనిపించదు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైక్ సెకనుకు దాదాపు 14 మీటర్లు ముందుకొస్తుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి బ్రేక్ మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకను, అంటే 21 మీటర్లు పోయినట్టే. బ్రేక్ వేశాక ఆగడానికి ఇంకో 15, 16 మీటర్లు కావాలి. మొత్తం 37 మీటర్ల దాకా పడుతుంది. లో బీమ్ వెలుగులో రంగు వెలిసిన ట్రాలీ అంత దూరం నుంచి కనిపించడం కష్టం. పైగా ట్రాలీ వెనక అంచు బైకర్ ఛాతీ, తల ఎత్తులో ఉంటుంది. కారు అయితే బానెట్ కిందికి దూరిపోయి అంచు నేరుగా అద్దానికి తగులుతుంది.

ఆగి ఉన్న బండి ఎంత ప్రమాదమో తెలుగువాళ్లకు బాగా గుర్తుండే ఉదాహరణ ఉంది. నటుడు రవితేజ సోదరుడు భరత్ రాజ్ 2017 జూన్ 24 రాత్రి శంషాబాద్ సమీపంలో ఔటర్ రింగ్ రోడ్డుపై ఆగి ఉన్న లారీని కారు ఢీకొట్టి చనిపోయారు. ఇక సరిగ్గా ఏడాది తర్వాత, 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది ప్రాణాలు పోయాయి. అది కదులుతున్న ట్రాలీ, ఇది ఆగి ఉన్న లారీ. రెండూ చెప్పేది ఒక్కటే.. ఈ బండ్ల విషయంలో చిన్న నిర్లక్ష్యానికి కూడా మూల్యం చాలా పెద్దది.

అందుకే రాత్రి ట్రాలీ ఉంచక తప్పకపోతే వెనక వైపు రెండు మూలలా ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించాలి. ధూళి పడితే బట్టతో తుడవాలి. ఎర్ర త్రికోణం బోర్డు ట్రాలీకి ఆనించి పెడితే లాభం లేదు, బండ్లు వచ్చే వైపు కొంత దూరంలో పెట్టాలి. చెట్టు కొమ్మలు, రాళ్లు అడ్డం పెట్టడం వల్ల ఇంకో యాక్సిడెంట్‌కు దారి వేసినట్టే.

ఎక్కడ ఆపకూడదు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్ రోడ్డు విజయవాడ హైవే మీదికే తీసుకెళ్తుంది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక రోడ్డు మధ్యలో పిల్లర్లు వచ్చాయి, స్టేషన్ల కింద జనం కూడా పెరిగారు. ఈ రోడ్డు మీద ట్రాలీ విడదీసి పెట్టే చోటే లేదు. ముఖ్యంగా ఈ చోట్ల అస్సలు వద్దు:

మెట్రో పిల్లర్ల పక్కన, యూటర్న్‌ల దగ్గర. మలుపు తిరిగే బండికి ట్రాలీ చివరి క్షణం దాకా కనిపించదు.

ఫ్లైఓవర్, అండర్‌పాస్ ఎక్కే, దిగే చోట. అక్కడ వాలు ఎక్కువ, వేగం ఎక్కువ.

బస్టాప్, స్కూల్, కోచింగ్ సెంటర్ల ముందు. జనం ట్రాలీ పక్క నుంచి రోడ్డు మీదికి దిగాల్సి వస్తుంది.

ఆసుపత్రి గేటు, అపార్ట్‌మెంట్ గేటు ఎదురుగా. అంబులెన్స్, ఫైరింజన్ వస్తే ట్రాక్టర్ కోసం వెతుక్కునే టైమ్ ఉండదు.

గల్లీ మూల మీద. అటు నుంచి వచ్చే పిల్లాడి సైకిల్ ఇటువాళ్లకు కనపడదు.

ఆటోనగర్ వైపు రిపేర్లకు వచ్చే పెద్ద ట్రైలర్ల సంగతి కొంచెం వేరు. వాటికి ఎయిర్ బ్రేకులు ఉంటాయి. కానీ పాత బండ్లలో గాలి మెల్లగా లీకైతే కొన్ని గంటలకు బ్రేక్ పట్టు వదిలేయవచ్చు. రాత్రి గట్టిగా నిలబడ్డ ట్రైలర్ తెల్లారేసరికి కదలడానికి ఇదొక కారణం. కాబట్టి ఎంత పెద్ద బండి అయినా చక్రానికి అడ్డు పెట్టాల్సిందే.

చట్టం ఏం చెబుతోంది?

"ఆగి ఉన్న బండికి కేసేంది?" అనుకుంటే పొరపాటే. మోటారు వాహనాల చట్టం 1988లో దీనిపై స్పష్టంగా ఉంది.

సెక్షన్ 122: ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అసౌకర్యం కలిగేలా బహిరంగ ప్రదేశంలో వాహనాన్ని గానీ, ట్రైలర్‌ను గానీ వదిలేయకూడదు. ట్రైలర్ అనే మాట ఈ సెక్షన్‌లోనే ఉంది.

సెక్షన్ 126: డ్రైవర్ సీటులో లైసెన్స్ ఉన్న మనిషి లేనప్పుడు ఇంజిన్ ఆపి, బ్రేక్ వేసి, బండి దానంతట అది కదలకుండా చూడాలి.

సెక్షన్ 127: బహిరంగ ప్రదేశంలో 10 గంటలు, ఆపైన పట్టించుకోకుండా వదిలేసినా, పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెట్టినా పోలీసులు దాన్ని అక్కడి నుంచి తరలించవచ్చు. ఆ ఖర్చు ఓనర్‌దే.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఉంది. సెక్షన్ 285 ప్రకారం దారిలో ప్రమాదం లేదా అడ్డంకి కలిగిస్తే 5 వేల రూపాయల దాకా జరిమానా. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే సెక్షన్ 106 కింద 5 ఏళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో ఇది 2 ఏళ్లే ఉండేది.

నష్టపరిహారం విషయంలో సుప్రీంకోర్టు 1991లోనే ఒక కీలక తీర్పు ఇచ్చింది. మహారాష్ట్రలో 1987లో లారీ ఢీకొని రోడ్డు పక్కన పడిపోయిన పెట్రోల్ ట్యాంకర్ కొన్ని గంటల తర్వాత పేలింది. బండి నడవట్లేదు కాబట్టి అది 'వాడకం' కిందికి రాదనే వాదనను కోర్టు ఒప్పుకోలేదు. ఆగి ఉన్న వాహనం కూడా వాడకంలో ఉన్నట్టేనని చెప్పింది. శివాజీ దయాను పాటిల్ కేసుగా లాయర్లందరికీ ఇది తెలుసు.

అంటే ట్రాలీ దొర్లి ఎవరికైనా ఏమన్నా అయితే 'బండి నడుపుతలేను కదా' అనే మాట పనిచేయదు. ఇక్కడ ఓనర్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. వ్యవసాయం పేరుతో రిజిస్టర్ చేసి సిటీలో ఇసుక, నీళ్లు కిరాయికి తోలితే, ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ కంపెనీ కొర్రీ పెట్టడానికి అదే మొదటి కారణం అవుతుంది. అప్పుడు పరిహారం భారం ఓనర్ ఇంటి మీద పడుతుంది. జైలు భయం మాత్రం నెల జీతానికి పనిచేసే డ్రైవర్‌కు. నాలుగు చెక్కలు, ఒక పలక, రెండు స్టిక్కర్లు కొనిపెట్టాల్సిన బాధ్యత ఎవరిదో వేరే చెప్పాలా?

కాలనీవాళ్లు ఏం చేయాలి?

ఇల్లు కట్టుకునేవాళ్లు, ట్యాంకర్ తెప్పించుకునేవాళ్లు కూడా "అది డ్రైవర్ పని" అని వదిలేయొద్దు. లోడ్ వచ్చినప్పుడు పిల్లలను లోపలికి పిలవండి. ట్రాలీ రాత్రి ఉంటుందంటే చక్రాలకు అడ్డు పెట్టారా, రిఫ్లెక్టర్ ఉందా అని ఒక్కసారి బయటికొచ్చి చూడండి. మధ్యాహ్నం ఎండకు కూలీలు ట్రాలీ కింద పడుకోవడం కనిపిస్తే లేపి, నీడ ఉన్న ఇంకో చోటు చూపించండి. అది వాళ్లకు చేసే పెద్ద సాయం.

చవితి నిమజ్జనం టైమ్‌లో మండపం నిర్వాహకులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సరూర్‌నగర్ చెరువు దగ్గర క్యూలో గంటల తరబడి ఆగాల్సి వస్తుంది. విగ్రహం ఎత్తుగా ఉంటే బరువు పైకి పోతుంది, ట్రాలీ ఊగుతుంది. ఆగిన ప్రతిసారీ చెక్క పెట్టడానికి ఒక మనిషిని పెట్టుకోండి. డ్యాన్సులు చేసే పిల్లలు ట్రాక్టర్‌కు, ట్రాలీకి మధ్యలో ఉన్న కడ్డీ మీద కూర్చోకుండా చూడండి.

ఒకవేళ ట్రాలీ కదలడం మొదలైతే ఎదురుగా నిలబడి ఆపే ప్రయత్నం చేయొద్దు. చక్రం ముందు రాయి విసరడానికి కూడా ముందుకు పరుగెత్తొద్దు. గట్టిగా అరిచి దారిలో ఉన్నవాళ్లను పక్కకు పంపండి. ఎవరైనా కింద ఇరుక్కుంటే కంగారులో ట్రాక్టర్ కట్టి లాగొద్దు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి ట్రాలీ ఇంకా కదలకుండా చేయండి. వెంటనే 108కి, 100 లేదా 112కి ఫోన్ చేయండి.

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి

విడదీసేటప్పుడు: సమతలంగా, గట్టిగా ఉన్న చోటు చూడాలి. ట్రాక్టర్ రెండు పెడల్స్ కలిపి బ్రేక్ వేయాలి. చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టాలి. డబ్బా కిందికి దించాలి. స్టాండ్ కింద పలక వేసి దించాలి. లైట్ వైరు, ఆయిల్ పైపులు, సేఫ్టీ గొలుసు తీయాలి. అందరూ పక్కకు జరిగాకే పిన్ తీయాలి. ట్రాక్టర్‌ను నెమ్మదిగా ముందుకు తీయాలి.

తగిలించేటప్పుడు: మధ్యలో ఎవరూ లేకుండా రివర్స్ చేయాలి. బ్రేక్ వేశాకే పిన్ వేయాలి. పిన్‌కు క్లిప్ తప్పనిసరి. పాత బోల్టు, విరిగిన రాడ్ పిన్‌గా వాడొద్దు. గొలుసు, వైర్లు, లైట్లు చూడాలి. స్టాండ్ పైకి లేపాలి. చివర్లో చెక్కలు తీసి బండిలో వేసుకోవాలి.

ఇదంతా చేయడానికి అలవాటైతే పట్టేది ఐదు నిమిషాలే. మీ ఏరియాలో ట్రాక్టర్ నడిపేవాళ్లు, ట్యాంకర్ తోలేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది వాళ్ల వాట్సాప్‌కు పంపండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.